కారణాంకం దొరకకపోతే ప్రధాన సంఖ్యేనా?

డిగ్రీ విద్యార్థులకు సంఖ్యావాదం చెబుతాను. ఏటా జవాబు పత్రాల్లో అదే వాక్యం: "కారణాంకాలు దొరకలేదు, కనుక ఇది ప్రధాన సంఖ్య." మార్కులు ఎక్కువగా పోయేది ఇక్కడే.

అపోహ: సంయుక్త సంఖ్య అని తేల్చాలంటే కారణాంకాలు చూపాలి. దొరక్కపోతే అది ప్రధాన సంఖ్యే.

వాస్తవం: రెండు మాటలూ తప్పే. 147573952589676412927 సంగతి చూడండి. 67 రెండ్లను గుణించి ఒకటి తీసేస్తే వచ్చేది ఇదే. 1644లో ఫ్రెంచ్ పండితుడు మెర్సెన్ దీన్ని ప్రధాన సంఖ్యల జాబితాలో చేర్చాడు. కాదని 1876లో ఫ్రెంచ్ గణితవేత్త లూకా నిరూపించాడు, అదీ ఒక్క కారణాంకమైనా చూపకుండా! 193707721, 761838257287 అనే రెండు కారణాంకాలనూ 1903లో అమెరికా గణితవేత్త కోల్ న్యూయార్క్‌లో జరిగిన గణిత సమావేశంలో బయటపెట్టాడు. మధ్యలోని 27 ఏళ్లూ ఈ సంఖ్య విడిపోతుందని తెలుసు, దేనితో విడిపోతుందో తెలియదు.

చిన్న కారణాంకమే 19 కోట్లు దాటింది. పరీక్షకు ముందు ఒక అమ్మాయి రఫ్ నోటుబుక్కు నిండా భాగహారాలు చేసి తెచ్చింది. "వెయ్యి దాకా చూశాను సార్, ఏదీ పోలేదు" అంటుంటే గొంతు వణుకుతోంది. కోప్పడలేకపోయాను. బడిలో మనం నేర్పింది అదొక్కటే కదా. భాగహారంతోనే తేల్చాలంటే వర్గమూలం దాకా వెళ్లాలి. ఈ సంఖ్యకు అది 1,214 కోట్ల పైమాటే.

ఆ అమ్మాయికి 91తో చూపించాను. 91 ప్రధాన సంఖ్యే అయితే, ఫెర్మా సిద్ధాంతం ప్రకారం 2⁹⁰ ను (ఘాతాంకం ఆ సంఖ్య కన్నా ఒకటి తక్కువ) దానితో భాగిస్తే శేషం 1 రావాలి. 2¹² అంటే 4096, శేషం 1. 84 అంటే ఏడు పన్నెండ్లు, కనుక 2⁸⁴ కూ శేషం 1. ఇక మిగిలింది 2⁶, అంటే 64. శేషం 64 వచ్చింది, 1 రాలేదు. 91 సంయుక్తమని తేలిపోయింది. 7, 13 ల ఊసే ఎత్తలేదు. లూకా వాడిన పరీక్ష వేరు, ఇంకా పదునైనది. అయినా కారణాంకం జోలికి పోకుండా తేల్చడం రెంటిలోనూ ఉంది.

అలాగని శేషం 1 వస్తే ప్రధాన సంఖ్యే అనుకోకండి. 341 కూడా ఆ పరీక్ష నెగ్గుతుంది, కానీ అది 11×31.

రెండ్లను గుణించి ఒకటి తీసేసేటప్పుడు ఘాతాంకం ప్రధాన సంఖ్య అయితే చాలు, వచ్చేదీ ప్రధాన సంఖ్యే అన్నది ఇంకో అపోహ. 2¹¹−1 అంటే 2047, అది 23×89. ఇంతకు మించి చెప్పనక్కర్లేదు.

ఇక వాట్సాప్ పుకారు. 2024లో 4,10,24,320 అంకెల ప్రధాన సంఖ్య దొరికినప్పుడు, బ్యాంకు ఖాతాలను కాపాడే, ప్రధాన సంఖ్యలతో చేసిన సంకేత తాళాలు (ఎన్‌క్రిప్షన్) విరిగిపోతాయా అని బంధువులు ఫోన్లు చేశారు. డబ్బు గురించి బెంగ సహజమే, ఆ సందేశాలు రాసేవాళ్ల మీదే నా విసుగంతా. అలాంటి తాళాల్లో వాడేవి సాధారణంగా మూడు వందల చిల్లర అంకెల ప్రధాన సంఖ్యలు, రహస్యంగా ఎంచుకున్నవి. లోకమంతా చూసిన ఆ నాలుగు కోట్ల అంకెల సంఖ్యను ఏ తాళంలోనూ పెట్టరు.