సమ్మర్ క్యాంపుకు వెళ్లాలా వద్దా అంటున్న పిల్లలకు

చిరంజీవులకు, మీ డ్రిల్ మాస్టారు ఆశీస్సులతో రాసేది.

పరీక్షలు అయిపోయాయి కదా, స్టేడియంలో క్యాంపుకు వెళ్దామా, ఇంట్లోనే ఫోన్ చూసుకుందామా అని మీలో కొందరు ఊగిసలాడుతున్నారని తెలిసింది. వెళ్లండి. ఎందుకో చెబుతాను.

వీధిలో ఆడితే ఆట వస్తుంది, కాదనను, కానీ తప్పులు కూడా దాంతోపాటే వచ్చి చేతికి అలవాటైపోతాయి, అవి పట్టుకుని సరిచేసేవాళ్లు ఉండరు. బ్యాడ్మింటనే తీసుకోండి. మీలో చాలామంది రాకెట్‌ను అట్లకాడ పట్టుకున్నట్టు పట్టుకుంటారు. ఎదుటివాళ్లు నెమ్మదిగా కొడుతున్నంతసేపూ చెల్లిపోతుంది, బ్యాక్‌హ్యాండ్ వైపు గట్టిగా వస్తే మాత్రం మణికట్టు తిరగదు. క్యాంపులో కోచ్ ముందు ఆ పట్టే మార్పిస్తాడు. మార్చిన కొత్తలో ఉన్న ఆట కూడా పోయినట్టుంటుంది, ఏడుపొస్తుంది, అప్పుడు మాత్రం మానేయకండి. ఆ తర్వాత షాడో చేయిస్తారు. అంటే షటిల్ ఉండదు, ఉత్త రాకెట్ పట్టుకుని కోర్టు మధ్యలోంచి ఒక మూలకు వెళ్లి, కొట్టినట్టు చేసి, మళ్లీ మధ్యకు రావాలి, అలా అన్ని మూలలకూ. విసుగు పుడుతుంది, నిజమే. కానీ మ్యాచ్‌లో కాళ్లు టైముకి షటిల్ దగ్గరికి చేరేది ఈ పని వల్లే.

సైనా నెహ్వాల్ వాళ్లు 1998లో హర్యానా నుంచి హైదరాబాద్ వచ్చారు. లాల్ బహదూర్ స్టేడియంలో ఎనిమిదేళ్ల ఆ పిల్లలో ఒడుపు ఉందని గుర్తించింది అక్కడి కోచే. ఇంటికీ స్టేడియానికీ సుమారు 25 కిలోమీటర్లు, చీకటితోనే లేచి నాన్న స్కూటర్ మీద వెళ్లేది. 2012లో లండన్ ఒలింపిక్స్ కాంస్యం దాకా సాగిన దారి అక్కడే మొదలైంది. మీ అందరికీ పతకాలు వస్తాయని చెప్పడం లేదు, గుర్తుపట్టే కళ్ల ముందు ఆడాలని చెబుతున్నాను.

ఇంకొకటి, నా దృష్టిలో అన్నిటికంటే పెద్ద లాభం ఇదే. మన బడిలో ఎప్పుడూ గెలిచే పిల్లవాడికి అక్కడ పక్క ఊళ్ల నుంచి వచ్చిన గట్టివాళ్లు కనిపిస్తారు. మొదట మనసు చివుక్కుమంటుంది. కానీ తనకంటే బాగా ఆడేవాళ్లతో రోజూ ఓడుతూ ఆడినవాడు, బడి మొదలయ్యేసరికి గుర్తుపట్టలేనంత మారిపోవడం నేను కళ్లారా చూశాను.

ఏ ఆటలో చేరాలి అని టెన్షన్ పడకండి. మన నిజామాబాద్ నిఖత్ జరీన్ కూడా మొదట పరుగు పందేల పిల్లే, తర్వాత బాక్సింగ్‌కు మారి 2022లోనూ 2023లోనూ ప్రపంచ ఛాంపియన్ అయింది.

ఖాళీ కడుపుతో వెళ్లొద్దు, ఒక అరటిపండైనా తినండి, నీళ్ల సీసా మరిచిపోకండి. నొప్పి ఉంటే కోచ్ తిడతాడని దాచొద్దు. పెరిగే వయసులో మోకాలి చిప్ప కింద నొప్పి చాలామందికి వస్తుంది, ఓర్చుకుని గెంతితే ముదురుతుంది, చెబితే కొన్నాళ్లు గెంతడం తగ్గిస్తారు, అంతే.

చదువు పాడవుతుందని అమ్మానాన్నలు అంటే, సెలవుల్లో పొద్దున పూట కాసేపే కదా అని చెప్పండి. అప్పటికీ ఒప్పుకోకపోతే నాకు ఫోన్ చేయమనండి, నేను మాట్లాడతాను.

మీ మాస్టారు