ఆట మిగిలింది, పేరు పోయింది: యాప్ తగాదాల వెనుక కథ

కోల్‌కతాకు చెందిన ఇద్దరు అన్నదమ్ములు ఫేస్‌బుక్‌లో నడిపిన ‘స్క్రాబ్యులస్’ అనే ఆట మీద, అక్షరాలతో మాటలు కట్టే స్క్రాబుల్ బోర్డు ఆటకు హక్కుదారైన బొమ్మల కంపెనీ మాటెల్ ఢిల్లీ హైకోర్టుకెక్కింది. 2008 సెప్టెంబరులో ఉత్తర్వు వచ్చింది. ఆట బోర్డు మీద కాపీరైట్ ఉందన్న వాదనను కోర్టు ఆ తొలి దశలో ఒప్పుకోలేదు. పేరు దగ్గరికొచ్చేసరికి మాత్రం మాటెల్ మాటే నెగ్గింది. ఆ ఆట ‘లెక్సులస్’గా పేరు మార్చుకుని బతికిపోయింది.

ఆపిల్ యాప్ స్టోర్ తెరిచింది కూడా ఆ ఏడాది జులైలోనే. ఒంటరిగా పనిచేసే డెవలపర్‌కు ప్రపంచమంతా ఒకేసారి మార్కెట్ అయింది. చట్టాలు మాత్రం పాతవే. కాపీరైట్‌కు దేశాలన్నీ కలిసి చేసుకున్న బెర్న్ ఒప్పందం ఉంది కాబట్టి కోడ్ రాసిన క్షణం నుంచే రక్షణ, రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. పేరు మీద హక్కునిచ్చే ట్రేడ్‌మార్క్ అలా కాదు, దేశానికో లెక్క, సరుకు రకానికో తరగతి. ఒక్క నొక్కుతో యాప్ నూటికి పైగా దేశాల్లోకి వెళ్తుంది. ఆ పేరు ఎక్కడెక్కడ ఎవరి సొంతమో అన్ని దేశాల్లోనూ వెతికి చూసుకునే ఓపిక, డబ్బు చిన్నవాళ్లకు ఎక్కడివి?

కాపీరైట్ ఫిర్యాదుకైతే కనీసం ఒక పద్ధతి ఉంది. 1998 నాటి అమెరికా డిజిటల్ కాపీరైట్ చట్టం (డీఎంసీఏ) ప్రకారం నోటీసు రాగానే స్టోర్ యాప్‌ను తీసేస్తుంది. డెవలపర్ ఎదురు నోటీసు ఇస్తే, ఫిర్యాదీ దావా వేయకపోతే, 10 నుంచి 14 పనిదినాల్లో తిరిగి పెట్టాలి. ట్రేడ్‌మార్క్ ఫిర్యాదుకు ఈ చట్టం వర్తించదు, అందుకే ఈ గడువూ లేదు. స్టోర్ ఇద్దరినీ ఈమెయిల్‌లో కలిపి ‘మీలో మీరు తేల్చుకోండి’ అంటుంది. నా దృష్టిలో చిన్న డెవలపర్లను అసలు నలిపింది ఈ ఖాళీయే.

పారిస్‌లోని చిన్న స్టూడియో మోబీగేమ్‌కు 2009లో అదే జరిగింది. ఘనాన్ని దొర్లించే వాళ్ల ఆట పేరు ‘ఎడ్జ్’. ఆ మాట మాదేనంటూ ఎడ్జ్ గేమ్స్ అనే కంపెనీ ఫిర్యాదు చేయడంతో ఆట స్టోర్ నుంచి పోయింది. వచ్చింది, మళ్లీ పోయింది. అదే కంపెనీ ‘మిర్రర్స్ ఎడ్జ్’ అనే ఆట విషయంలో వీడియో గేముల దిగ్గజం ఎలక్ట్రానిక్ ఆర్ట్స్‌తో తలపడ్డాక గానీ కథ మలుపు తిరగలేదు. 2010లో కాలిఫోర్నియా ఫెడరల్ కోర్టు, ట్రేడ్‌మార్క్ ఆఫీసుకు ఆ కంపెనీ సమర్పించిన ఆధారాల నిజాయితీనే శంకించింది. ఆ రిజిస్ట్రేషన్లు తర్వాత రద్దయ్యాయి. అంటే పెద్ద కంపెనీ లాయర్లు బరిలోకి దిగేదాకా అవి చెక్కుచెదరలేదన్నమాట.

కాపీరైట్ వైపు గీత ఎక్కడుందో 2012లో కాస్త తేలింది. ‘మీనో’ అనే ఐఫోన్ ఆటను చేసిన జియో (Xio) ఇంటరాక్టివ్, నియమాలకు కాపీరైట్ లేదన్న ధైర్యంతో, పైనుంచి పడే ముక్కలను పేర్చే ఆట టెట్రిస్‌ను అనుకరించింది. న్యూజెర్సీ ఫెడరల్ కోర్టు రెండు ఆటలనూ పక్కపక్కన పెట్టి చూసింది: పది గడుల వెడల్పు, ఇరవై గడుల ఎత్తు, అవే ఏడు ముక్కలు, పడబోయే చోట కనిపించే నీడ. నియమాలు వాడుకోవచ్చు, రూపాన్ని ఇలా దించేయడం కుదరదని తీర్పిచ్చింది.

పేర్ల గొడవ అక్కడితో ఆగలేదు. క్యాండీ క్రష్ తయారీదారు కింగ్, అమెరికాలో ‘క్యాండీ’ అన్న మామూలు మాటకే ట్రేడ్‌మార్క్ కోరింది. 2014 జనవరిలో ఆ మాటున్న యాప్‌ల డెవలపర్లకు ఆపిల్ ద్వారా ఈమెయిళ్లు వెళ్లాయి. గోల పెరగడంతో ఫిబ్రవరిలో అమెరికా దరఖాస్తును వెనక్కి తీసుకుంది గానీ, యూరప్ రిజిస్ట్రేషన్‌ను వదల్లేదు.

అదే ఫిబ్రవరిలో ‘త్రీస్’ వచ్చింది. అంకెలను జరిపి కలిపే ఆ చిన్న ఆటకు పద్నాలుగు నెలలు పట్టింది. వారాలు తిరక్కముందే పోలికలున్న ఉచిత ఆటలు పుట్టుకొచ్చాయి. మార్చిలో వచ్చిన ‘2048’ వాటన్నిటినీ మించిపోయింది. త్రీస్ తయారీదారులు తమ ఈమెయిళ్లను, మొదటి నమూనాలను బయటపెట్టి ఆట ఎలా రూపుదిద్దుకుందో చూపించారు. అయితే 2048, మీనోలాగా ముక్కకు ముక్క దించిన అనుకరణ కాదు. తీసుకున్నది ఆలోచన మాత్రమే, దాన్ని కాపాడే కాపీరైట్ చట్టం ఏ దేశంలోనూ లేదు.