వయ్యారిభామ పురుగుకి తగిలే ఎండ ఎంత?

బెంగళూరు మారతహళ్లి నుంచి ఒక పాఠకురాలు అడిగారు: "మా పక్క ఖాళీ సైట్లో వయ్యారిభామ మీద వదిలిన మెక్సికన్ పెంకుపురుగులు ఏప్రిల్లో వారానికే మాయమయ్యాయి. ఎండకి చచ్చాయా?"

వయ్యారిభామ (పార్థీనియం) కలుపుమొక్కని తిని అదుపు చేస్తాయని ఈ పురుగుల్ని వదులుతారు. మీవాటిలో కొన్ని చచ్చి ఉంటాయి, కొన్ని మట్టిలోకి దిగి ఉంటాయి. వాతావరణశాఖ చెప్పే 36 డిగ్రీలు నీడలో, గాలాడే పెట్టెలో, మనిషి ఛాతీ ఎత్తున కొలిచినవి. శాస్త్రవేత్తలు జైగోగ్రామా అనే ఈ పెంకుపురుగు అయిదారు మిల్లీమీటర్లుంటుంది, తెల్లటి రెక్కల మీద గోధుమరంగు వంకర గీతలు. అంత చిన్న ఒళ్లు నిమిషాల్లో ఆకు వేడికి వచ్చేస్తుంది. నేలలో తడి ఉంటే ఆకు నీటి ఆవిరి వదులుతూ చల్లబడుతుంది. మట్టి ఎండితే పత్రరంధ్రాలు మూసుకుంటాయి, గాలి 36లోనే ఉన్నా ఆకు 40 దాటగలదు. కింద మట్టి పైపొర 50 దాటడం మామూలే. అంటే పురుగుని చంపేది ఒట్టి ఎండ కాదు, నీళ్లు లేని మొక్క మీద ఎండ.

లోపల జరిగేది ఇదీ. ప్రోటీన్లు ఒక పద్ధతిలో మడతపడి ఉంటాయి. వేడికి మడత విప్పుకుంటే, లోపల దాగిన జిగురు భాగాలు బయటపడి ఒకదానికొకటి అంటుకుంటాయి. కోడిగుడ్డు తెల్లసొన ఉడికితే గట్టిపడేది ఇలాగే, ఇక వెనక్కి రాదు. అంతదాకా రానివ్వకుండా హీట్ షాక్ ప్రోటీన్లు విప్పుకున్నవాటిని పట్టుకుని, ఏటీపీ (కణంలో శక్తినిచ్చే అణువు) ఖర్చుపెట్టి మళ్లీ మడవనిస్తాయి. 1962లో ఇటలీలో రిటోసా అనే శాస్త్రవేత్త ఈ స్పందనని గమనించింది కూడా అనుకోకుండానే: ఇంక్యుబేటర్ వేడి పెరిగి, పండీగల క్రోమోజోముల్లో కొత్త ఉబ్బులు కనిపించాయి.

అసలు కీలకం, ఈ ప్రోటీన్లు తయారవడానికి కొంత వ్యవధి కావాలి. కాస్త వేడి ముందుగా తగిలిన పురుగు తర్వాతి పెద్ద వేడిని తట్టుకుంటుంది. 26 డిగ్రీల గదిలో పెరిగినదాన్ని మధ్యాహ్నం ఎండలో వదిలితే ఆ నిల్వ ఉండదు. ఉన్నా ఖర్చే, ఆ శక్తి గుడ్లకి పోదు. చాలా పురుగుల్లో మగవాటి వీర్యం చావు వేడికంటే ముందే దెబ్బతింటుంది. పెద్దవి తిరుగుతూనే ఉంటాయి, గుడ్లు మాత్రం పొదగవు.

ఈ పురుగుని బెంగళూరుకి మెక్సికో నుంచి 1983లో తెచ్చారు. దాదాపు అప్పుడే వచ్చిన, గుర్రపుడెక్కని తినే ముక్కుపురుగుకి ఎండ బాధ తక్కువ: పిల్లపురుగు కాడలోపల తింటుంది, ప్యూపా (గూటి దశ) నీటిలో వేళ్ల దగ్గర ఉంటుంది. జైగోగ్రామాకి ఉన్న దారి మట్టే. ఎండాకాలం పెద్ద పురుగులు మట్టిలో నిద్రపోయి, తొలకరికి పైకొస్తాయి. కాబట్టి కనబడనంత మాత్రాన చచ్చాయనుకోకండి, ఆ మట్టిని తవ్వించకండి. ఫొటోల కోసం మే నెలలో పురుగులు వదిలే కార్యక్రమాలైతే నిజంగా దండగ.

వానలు పడి లేత మొక్కలు లేచాక, ఒకేచోట 500 నుంచి 1000 దాకా వదలాలి. పురుగుల్ని తెచ్చేటప్పుడు జల్లెడ మూత డబ్బాలో వయ్యారిభామ రెమ్మలు, అడుగున కాగితం ఉండాలి. లేకపోతే చెమ్మ పట్టి పురుగులు అంటుకుపోతాయి. ఐస్‌ప్యాక్ డబ్బాకి ఆనకూడదు. ఎండలో ఆపిన కారులో ఒక్క పావుగంట ఉంచినా పోతాయి. సాయంత్రం మొక్క మొదట్లో వదిలితే రాత్రంతా సర్దుకుని, పొద్దుటి ఎండకి మెల్లగా అలవాటుపడతాయి. పది రోజులకి ఆకుల అడుగున చూడండి. గుడ్లు నాలుగైదు రోజుల్లో పొదగాలి, చిగుళ్లలో చిన్న పిల్లపురుగులు తింటూ ఉండాలి. గుడ్లు ముడుచుకుపోయి కనిపిస్తే, మళ్లీ తెచ్చి వదలాల్సిందే.