కొలిచి పోసిన పాలు

చిరంజీవులకు,

పప్పు తినండి, పాలు తాగండి అని పొద్దస్తమానం మీ వెంటపడతాం కదా. ఆ పప్పూ పాలే మెదడును దెబ్బతీసే పిల్లలు కూడా అరుదుగా పుడతారు. ఆ జబ్బు పేరు ఫినైల్‌కీటోన్యూరియా. నోరు తిరగకపోతే పీకేయూ అనండి, డాక్టర్లూ అలాగే అంటారు.

ప్రోటీన్ అంటే అమైనో ఆమ్లాల పూసలదండ. తిన్నది అరిగేటప్పుడు దండ తెగి పూసలు విడిపోతాయి. వాటిలో ఫినైలలనిన్ ఒకటి. ఒంటికి కావలసినంత వాడుకోగా మిగిలినదాన్ని కాలేయంలోని ఒక ఎంజైము టైరోసిన్ అనే మరో పూసగా మారుస్తుంది. ఈ పిల్లల్లో ఆ ఎంజైము పనిచేయదు. మామూలుగా డెసిలీటరు (100 మిల్లీలీటర్ల) రక్తంలో ఒక మిల్లీగ్రాము ఉండే ఫినైలలనిన్ వీళ్ళలో 20 దాటిపోతుంది. అది మెదడు వాకిట్లో గుంపుకట్టి మిగతా అమైనో ఆమ్లాలను లోపలికి పోనివ్వదు. పసితనంలో, మెదడు పెరిగే రోజుల్లోనే ఇదంతా జరుగుతుంది. అప్పుడు పోయింది మళ్ళీ పూర్తిగా తిరిగి రాదు.

1934లో నార్వే వైద్యుడు ఆస్బ్యోర్న్ ఫోలింగ్ దీన్ని పట్టుకున్నాడు. బుద్ధి ఎదగని ఇద్దరు పిల్లల మూత్రంలో ఫెర్రిక్ క్లోరైడ్ వేస్తే ముదురు ఆకుపచ్చ రంగు వచ్చింది. అది ఫినైల్‌పైరూవిక్ ఆమ్లం వల్ల అని తేల్చాడు. పిల్లల ఒంటికి ముక్కిపోయిన వాసన వస్తోందని వాళ్ళమ్మ అప్పటికే కనిపెట్టింది. జబ్బు తెలిసింది గానీ మందు లేదు.

1951లో ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్ పిల్లల ఆసుపత్రిలో జర్మన్ వైద్యుడు హోర్స్ట్ బికెల్ ముందుకు ఒక రెండేళ్ళ పాప వచ్చింది. నిలబడలేదు, మాట్లాడలేదు, మూలుగుతూ తల బాదుకునేది. ఆహారంలో ఫినైలలనిన్ తీసేస్తే? చెప్పడం తేలికే. కానీ ఆ పూస లేని మామూలు ప్రోటీన్ ఆహారమంటూ లేదు. లండన్‌లో లూయీ వుల్ఫ్ అనే జీవరసాయన శాస్త్రవేత్త ఒక దారి చెప్పాడు. పాలలోని కేసిన్ ప్రోటీన్‌ను ఆమ్లంతో విడగొట్టి, ఆ ద్రవాన్ని ఉత్తేజిత బొగ్గు గుండా వడకట్టడం. బొగ్గు ఫినైలలనిన్‌ను పట్టేసుకుంటుంది. దాంతోపాటు టైరోసిన్, ట్రిప్టోఫాన్ కూడా పోతాయి కాబట్టి ఆ రెండూ విడిగా కలపాలి. బికెల్, అదే ఆసుపత్రిలోని జాన్ గెరార్డ్, ఎవెలిన్ హిక్‌మన్స్ కలిసి దీన్ని తయారుచేశారు.

ఇక్కడే అసలు చిక్కు వచ్చింది. రక్తంలో ఫినైలలనిన్ తగ్గింది, కానీ పాప బరువు కూడా తగ్గసాగింది. ఎందుకంటే ఈ పూసను ఒళ్ళు సొంతంగా తయారుచేసుకోలేదు. బయటినుంచి బొత్తిగా రాకపోతే సొంత కండనే కరిగించుకుంటుంది. అప్పుడు రోజుకు 0.3 నుంచి 0.5 గ్రాముల ఫినైలలనిన్ అందేలా మామూలు పాలు కొలిచి కలిపారు. బరువు పెరిగింది. కొన్ని నెలల్లో పాప పాకింది, కుర్చీలెక్కింది, తల బాదుకోవడం మానేసింది. జుట్టు కూడా నల్లబడింది, జుట్టుకు రంగునిచ్చేది టైరోసిన్ నుంచే కదా తయారయ్యేది.

ఇది ఆహారం గొప్పదనమేనా? తేల్చడానికి తల్లికి చెప్పకుండా రోజుకు 5 గ్రాముల ఫినైలలనిన్ కలిపారు. 6 గంటల్లో ఏడుపు, తల బాదుకోవడం మొదలు. 24 గంటల్లో నిలబడలేకపోయింది. రుజువైతే దొరికింది గానీ, తల్లికి చెప్పకపోవడం తప్పే. 1953లో ఈ ఫలితాలు అచ్చయ్యాయి.

ఇప్పటి పథ్యం సూత్రమూ అదే. ఒక గ్రాము ప్రోటీన్‌లో సుమారు 50 మిల్లీగ్రాముల ఫినైలలనిన్ ఉంటుంది. జబ్బు తీవ్రంగా ఉన్న పిల్లల్లో చాలామందికి రోజుకు 250–350 మిల్లీగ్రాములే గరిష్ఠం. ఒక్క కోడిగుడ్డుతోనే 300 దాటిపోతుంది. 100 గ్రాముల కందిపప్పులో గ్రాముకు పైనే. వండిన అన్నం 100 గ్రాములకు సుమారు 130 మిల్లీగ్రాములు. అందుకే అన్నం కూడా తూచి పెడతారు. సగ్గుబియ్యంలో ప్రోటీన్ దాదాపు లేదు కాబట్టి కడుపు నింపడానికి పనికొస్తుంది. కండకు కావలసిన ప్రోటీన్ మాత్రం ఫినైలలనిన్ లేని, టైరోసిన్ కలిపిన ప్రత్యేక పాలపొడి నుంచి రావాలి. దాన్ని ఒకేసారి తాగించకుండా రోజులో మూడు నాలుగు సార్లు ఇస్తారు.

ఎక్కువగా పొరపాటు జరిగేది జ్వరం వచ్చినప్పుడు. పిల్లవాడు ఏమీ తినలేదు కాబట్టి ఫినైలలనిన్ పెరగదనుకుంటారు. కానీ పస్తుంటే కండ కరిగి రక్తంలో అది పెరుగుతుంది. అందుకే ఆ రోజుల్లో చక్కెర నీళ్ళో, సగ్గుబియ్యం జావలాంటిదో తరచుగా పట్టించాలి. ఏది ఎంతన్నది ఆ బిడ్డను చూసే డాక్టరు, ఆహార నిపుణులు రక్తపరీక్ష చూసి చెబుతారు.

అమ్మానాన్నలిద్దరి నుంచీ లోపమున్న జన్యువు వస్తేనే జబ్బు. ఇద్దరిలోనూ అలాంటి జన్యువు ఒక్కొక్కటి ఉంటే ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు అవకాశం. మేనరికాల్లో ఇద్దరిలోనూ ఒకే లోపం ఉండే అవకాశం ఎక్కువన్నది మన ఇళ్ళలో గుర్తుంచుకోవలసిన మాట. పుట్టిన కొద్ది రోజుల్లోనే మడమ నుంచి తీసిన రక్తపు చుక్కతో దీన్ని పట్టుకోవచ్చు. ఆ పద్ధతిని 1960ల మొదట్లో అమెరికాలో రాబర్ట్ గత్రీ తెచ్చాడు.

ఈసారి చక్కెర లేని చూయింగ్ గమ్ కొంటే పొట్లం వెనక చిన్న అక్షరాలు చదవండి. అందులో ఆస్పర్‌టేమ్ అనే కృత్రిమ తీపి ఉంటే, ఫినైల్‌కీటోన్యూరియా ఉన్నవాళ్ళకు తగదని రాసి ఉంటుంది. ఆ తీపి కడుపులోకి వెళ్ళి విడిపోతే దాని బరువులో సగానికి పైగా ఫినైలలనినే.

ఆశీస్సులతో,
మీ తాతయ్య