పిడుగుకు దారి ఇవ్వని తీగ

పోయిన నెల ఒక డిప్లొమా విద్యార్థి ఒక ప్రశ్న పంపాడు. పొలంలో బోరు మోటారు స్టార్టరు డబ్బాలో ఒక ఆర్డునో (ప్రోగ్రాము రాసి నడిపే చిన్న సర్క్యూట్) బోర్డు, ఇంట్లో ఇంకొకటి, మధ్యలో 20 మీటర్ల తీగ. మోటారు వేసినప్పుడల్లా పొలంలో బోర్డు రీసెట్ అవుతోంది. ఈ వానల్లో ఉరుములు ఉరిమిన రాత్రుళ్ళు రెండుసార్లు రెండు బోర్డులూ కాలిపోయాయి. దిష్టి తగిలిందని ఇంట్లో పెద్దవాళ్ళు డబ్బాకు నిమ్మకాయ, మిరపకాయలు కట్టారు. "ఫైబర్ వేస్తే ఆగుతుందా సార్? కానీ నేను పంపేది సెకనుకు పది అక్షరాలే. అంత స్పీడ్ నాకెందుకు?"

ఫైబర్ అనగానే మనకు స్పీడే గుర్తొస్తుంది, ఇంటర్నెట్ అలా అలవాటు చేసింది. ఈ అబ్బాయికి కావలసింది మాత్రం స్పీడ్ కాదు. రెండు బోర్డుల మధ్య ఉన్న రాగి బంధాన్ని తెంచాలి.

తీగలో 5 వోల్టులు ఉన్నాయంటాం. దేనితో పోలిస్తే 5? గ్రౌండ్‌తో. అందుకే సిగ్నల్ తీగ పక్కన గ్రౌండ్ తీగ కూడా వెళ్ళాలి. పొలంలో అది డబ్బా ఎర్తుకు, ఇంట్లో ఇంటి ఎర్తుకు కలిసింది. క్లాసులో గ్రౌండ్ గుర్తు గీసి సున్నా అని రాసేస్తాం. భూమి అంతటా ఒకే సున్నా ఉండదని మొదటి రోజే చెప్పాలని నాకు గట్టిగా అనిపిస్తుంది.

లెక్క వేసి చూద్దాం. పిడుగు 30,000 ఆంపియర్ల కరెంటును నేలలోకి దింపిందనుకుందాం. తడి నేల విశిష్ట నిరోధం, అంటే కరెంటును ఆ మట్టి ఎంత అడ్డుకుంటుందో చెప్పే కొలత, 100 ఓమ్ మీటర్లు అనుకుందాం. కరెంటు అన్ని దిక్కులకూ సమానంగా పాకితే, ఈ రెండింటినీ గుణించి, దూరానికి 6.28 రెట్లతో భాగిస్తే ఆ చోట నేల వోల్టేజి వస్తుంది. పిడుగు పడిన చోటికి పొలం డబ్బా 50 మీటర్లు, అదే వరుసలో ఇల్లు 70 మీటర్లు. డబ్బా దగ్గర దాదాపు 9,550 వోల్టులు, ఇంటి దగ్గర 6,820. తేడా 2,700 పైమాటే! ఆ రెండు చోట్లనూ రాగి తీగతో కలిపింది మనమే. కరెంటుకు అంతకంటే సులువైన దారి ఏముంటుంది? ఆర్డునో ఊనోలోని చిప్ తన పిన్ మీద సప్లై కంటే అర వోల్టుకు మించి ఎక్కువ వస్తే ఓర్చుకోదు. ఫ్యాక్టరీల్లో దూరపు తీగల మీద సమాచారం పంపడానికి వాడే ఆర్ఎస్-485 పద్ధతి మామూలు చిప్‌లు కూడా గ్రౌండ్ తేడాతో కలిపి మైనస్ 7 నుంచి ప్లస్ 12 వోల్టుల దాకానే తట్టుకుంటాయి. పిడుగు బోర్డు మీద పడనక్కర్లేదు, పక్క చేలో చెట్టు మీద పడినా చాలు.

దిష్టి అన్న పెద్దవాళ్ళను నేను తప్పుపట్టను. ఒకే చోట పదే పదే నష్టం జరుగుతోందని వాళ్ళు సరిగ్గానే గమనించారు. కారణం మాత్రం పై లెక్కలో ఉంది.

ఫైబర్‌లో సమాచారం వెలుగు రూపంలో వెళ్తుంది. వెలుగుకు విద్యుదావేశం లేదు. దాన్ని మోసే ప్లాస్టిక్ ఫైబర్‌లో కరెంటు పారదు. రెండు చివర్ల నేల వోల్టేజి ఎంత తేడాగా ఉన్నా సమాచారం దాటుతుంది, పిడుగు కరెంటు దాటదు. మోటారు స్టార్ట్ అయ్యేటప్పుడు మామూలు కంటే ఐదారు రెట్లు కరెంటు లాగుతుంది, పక్కన పోయే రాగి తీగ ఆ కుదుపును యాంటెన్నాలా పట్టుకుంటుంది. ఫైబర్ పట్టుకోదు. అయితే సప్లై వోల్టేజి పడిపోవడం వల్ల వచ్చే రీసెట్‌ను మాత్రం ఫైబర్ ఆపలేదు.

ఇంటర్నెట్‌కు వాడే గాజు పోగు ఇక్కడ అక్కర్లేదు. 1 మిల్లీమీటరు మందం ప్లాస్టిక్ ఫైబర్ చాలు. పదునైన బ్లేడుతో నిటారుగా కోసి, చివరను సన్నని గరుకు కాగితం మీద తడిపి రుద్దితే చాలు. ఎర్ర కాంతి వాడాలి. ఆ ప్లాస్టిక్‌లో ఎర్ర కాంతి మీటరుకు దాదాపు 0.2 డెసిబెల్ తగ్గుతుంది, అంటే 20 మీటర్లకు 4 డెసిబెల్, అవతల 40 శాతం వెలుగు మిగులుతుంది. టీవీ రిమోట్ ఎల్ఈడీని పెడితే ఆ పరారుణ కాంతిని ప్లాస్టిక్‌లోని కార్బన్-హైడ్రోజన్ బంధాలే మింగేస్తాయి.

చాలామంది పొరపాటు పడే చోటు ఒకటుంది. చవకగా దొరుకుతాయని ఆడియో సెట్ల టాస్‌లింక్ భాగాలు తెస్తారు. పాటల సిగ్నల్‌ను ఫైబర్‌లో ఎర్ర వెలుగుగా పంపడానికి తోషిబా 1983లో తెచ్చిన పద్ధతి అది. ఎండలోంచి ఇంట్లోకి వచ్చిన కన్ను కాసేపటికి చీకటికి అలవాటు పడుతుంది కదా. ఆ రిసీవర్లలో చాలావాటి తీరు అదే. ఈమధ్య వచ్చిన వెలుగు సగటును చూసుకుని ఏది వెలుగో ఏది చీకటో తేల్చుకుంటాయి. ఆడియో సిగ్నల్ సెకనుకు 28 లక్షల బిట్లతో ఆగకుండా మారుతుంది కాబట్టి సగటు కదలదు. ఆర్డునో సీరియల్, అంటే ఒక్కో బిట్‌నూ వరుసగా పంపే పద్ధతి, అలా కాదు. సెకనుకు 9600 బిట్ల వేగంలో ఒక్కో బిట్ 104 మైక్రోసెకన్లు నిలుస్తుంది, అక్షరాల మధ్య మౌనం సెకన్ల కొద్దీ సాగుతుంది. ఈలోపు రిసీవర్ చీకటికి అలవాటుపడి సర్క్యూట్‌లోని చిన్న అలజడిని కూడా వెలుగు అనుకుంటుంది, చెత్త అక్షరాలు వస్తాయి. వేగం పెంచి, ప్రతి బిట్ మధ్యలో తప్పక మార్పు ఉండే మాంచెస్టర్ కోడింగ్ వాడాలి. లేదంటే నిలకడ వెలుగును కూడా చదివే హెచ్ఎఫ్‌బిఆర్-2521 లాంటి రిసీవర్ తీసుకోవాలి. వెలుగు పడితే దాని అవుట్‌పుట్ సున్నాకు దిగుతుంది. కాబట్టి ఎల్ఈడీని 5 వోల్టుల నుంచి 180 ఓమ్ రెసిస్టరుతో టీఎక్స్ పిన్‌కు (బోర్డు సమాచారం పంపే పిన్) కలిపితే, కోడ్‌లో దేన్నీ తిప్పి రాయనక్కర్లేదు. మౌనంలో ఎల్ఈడీ ఆరి ఉంటుంది. అయితే ఎలుక కొరికి ఫైబర్ తెగినా అదే చీకటి. అందుకే సెకనుకోసారి ఒక అక్షరం పంపుతూ ఉండాలి, అది రాకపోతే మోటారు ఆగిపోవాలి.

ఆ అబ్బాయి కొత్త బొమ్మ పంపాడు. ఫైబర్ చక్కగా గీశాడు. దాని పక్కనే అదే పైపులో, పొలం బోర్డుకు 5 వోల్టులు ఇవ్వడానికి ఇంట్లోంచి ఎరుపు, నలుపు తీగలు! వీధి తలుపుకు తాళం వేసి దొడ్డి తలుపు తీసి పెట్టినట్టే. ఆ రెండూ తీసేయమన్నాను. పొలం వైపు బోర్డుకు చిన్న సోలార్ పలక, బ్యాటరీ సరిపోతాయి.