అమీనా గుమ్మంలోకొస్తే: అపోహలు, వాస్తవాలు

"కాగితం తీసుకోలేదండి, ఇంట్లో లేనని చెప్పించి తిప్పి పంపేశాం." అమలాపురం కోర్టు వరండా అయినా, నరసాపురం వరండా అయినా, బాకీ కేసులో అమీనా, అంటే సామాను జప్తు చేసే కోర్టు మనిషి, ఇంటికొచ్చే దాకా వచ్చిన పార్టీ మొదట చెప్పే మాట ఇదే. ఆ కాగితం కోర్టుకి రమ్మని పిలిచే సమన్లు. అదీ ఏదో గెలిచినట్టు చెబుతారు. ప్రోనోటు బాకీల్లో మన డెల్టా జనం ఎక్కువగా మునిగేది వడ్డీ వల్ల కాదు, ఈ తిప్పి పంపడం వల్లే. అందుకే దీన్ని కాస్త వివరంగా చెబుతాను.

అపోహ: సమన్లు తీసుకోకపోతే కేసు నడవదు. సంతకం పెడితే బాకీ ఒప్పుకున్నట్టే.

రెండూ తప్పే. ఆ సంతకానికి "ఈ కాగితం నాకు ముట్టింది" అన్నదొక్కటే అర్థం. మీరు వద్దంటే ప్రాసెస్ సర్వర్ (కోర్టు కాగితాలు అందించే ఉద్యోగి) మీతో వాదించడు. నకలు వీధి తలుపుకి అంటిస్తాడు. ఇల్లు ఎవరు చూపించారో, ఎవరి ఎదుట అంటించాడో రాసి కోర్టుకి రిపోర్టు ఇస్తాడు. సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 5 రూల్ 17 చెప్పేది ఇదే. మీరు ఊళ్ళో లేరు, ఇప్పట్లో వచ్చేలా లేరు అంటే ఇంట్లో వయసొచ్చిన వాళ్ళెవరికైనా ఇవ్వొచ్చు, ఆడవాళ్ళకైనా సరే. పనిమనిషికి ఇస్తే మాత్రం చెల్లదు.

రిపోర్టు చూసి కోర్టు సమన్లు అందినట్టే లెక్క వేస్తే, వాయిదాకి మీరు లేరు కాబట్టి మీరు లేకుండానే కేసు నడిపేస్తారు, అదే ఎక్స్‌పార్టీ. ఆ తర్వాత డిక్రీ, అంటే సొమ్ము కట్టాలన్న కోర్టు తీర్పు. అసలు నష్టం అక్కడ జరుగుతుంది. ప్రోనోటు మీద దావా వేయడానికి కాలపరిమితి మూడేళ్ళు. అది దాటకుండా చూపించడానికి నోటు వెనక మీరు వంద రూపాయలు కట్టినట్టు చెల్లు రాసి, మీ సంతకం ఎవరో గిలికేశారనుకోండి. ఆ సంగతి చెప్పుకోవాల్సింది దావాలోనే. వడ్డీ ఎక్కువ వేశారన్నా, సగం ఇచ్చేశామన్నా అంతే. 1938 నాటి రైతు రుణ ఉపశమన చట్టం కింద వడ్డీ తగ్గించమని రైతు అడగాల్సిందీ అక్కడే. ఒకసారి డిక్రీ అయ్యాక, దాన్ని అమలు చేసే కోర్టు వెనక్కి వెళ్ళి ఆ డిక్రీ తప్పా ఒప్పా అని చూడదు.

ఎక్స్‌పార్టీ డిక్రీని రద్దు చేయించుకోవడానికి గడువు 30 రోజులు. సమన్లు సరిగా అందకపోతే, డిక్రీ సంగతి తెలిసిన రోజు నుంచి 30 రోజులు. తలుపుకి అంటించిన రిపోర్టు ఫైల్లో ఉండగా "నాకు తెలీదు" అంటే నమ్మించడం కష్టం. గడువు దాటితే ఆలస్యానికి కారణం చెబుతూ విడిగా పిటిషను వెయ్యాలి. ఒక్కోసారి కొంత సొమ్ము డిపాజిట్ చేస్తేనే రద్దు చేస్తామంటారు.

అందుచేత కాగితం తీసుకోండి. సంతకం పక్కనే తేదీ, టైము రాయండి. సమన్లతో దావా నకలు ఉందో లేదో చూడండి. అందిన రోజు నుంచి 30 రోజుల్లో జవాబు దావా వెయ్యాలి. కోర్టు ఒప్పుకుంటే 90 రోజుల దాకా. కేసు సంగతి ఎవరి నోటనో తెలిసి, కాగితం చేతికి రాకపోతే ఈ-కోర్ట్స్ సర్వీసెస్ యాప్‌లో మీ పేరు కొట్టి చూడండి, కేసు నంబరు, వాయిదా తేదీ కనిపిస్తాయి.

"డిక్రీ అయి అయిదేళ్ళయింది, పాతబడిపోయింది" అనేవాళ్ళూ ఉన్నారు. సొమ్ము డిక్రీకి ఆయుష్షు 12 ఏళ్ళు. ఇంకో సంగతి, డిక్రీ అయిన రెండేళ్ళలోపు దాని అమలుకి పిటిషను (ఈపీ) వేస్తే జప్తుకి ముందు నోటీసు ఇవ్వాలన్న నియమం లేదు. నేరుగా అమీనాయే రావొచ్చు.

అపోహ: వీధి తలుపు గడియ పెట్టుకుంటే అమీనా ఏమీ చేయలేడు.

సామాను జప్తుకి సూర్యాస్తమయం తర్వాత, సూర్యోదయానికి ముందు ఇంట్లోకి రాకూడదు. ఇది నిజం. పగటి పూట వచ్చాడు, ఉంటున్నది బాకీదారే, రానివ్వట్లేదు అంటే వీధి తలుపు పగలగొట్టే అధికారం అదే కోడ్ సెక్షన్ 62 ఇస్తుంది. లోపలికి వచ్చాక గది తలుపులు సరేసరి. అడ్డుపడితే విధులకి ఆటంకం కేసొకటి అదనం. గొడవ మాని జప్తు వారంటు అడిగి చదవండి. కోర్టు ముద్ర, ఈపీ నంబరు, మొత్తం, ఏ తేదీలోపు అమలు చేయాలో అన్నీ ఉండాలి. ఆ తేదీ దాటిన వారంటుతో వస్తే ఆ మాట అక్కడే చెప్పండి, రాయించండి.

సామాను జాబితా రాస్తున్నప్పుడు పక్కన నిలబడండి. "టీవీ 1" అని వదిలేయనివ్వకండి. కంపెనీ, సైజు, పాతదో కొత్తదో రాయమనండి. ఖాళీ గీతలుంటే కొట్టేయమనండి. ఫ్రిజ్ మీ అమ్మగారిదో, చెరువు గట్టున ఏరేటర్లు (నీటికి గాలి పట్టించే యంత్రాలు) అద్దెవో అయితే బిల్లు చూపించి నోట్ చేయించండి. అంతటితో సరిపోదు. అసలు సొంతదారు వేలం కాకముందే ఆర్డర్ 21 రూల్ 58 కింద క్లెయిమ్ పిటిషను వెయ్యాలి.

ఏవి తీసుకోకూడదు? ఒంటి మీదకి కావలసిన బట్టలు, వంట పాత్రలు, మంచాలు, పక్కబట్టలు. మంగళసూత్రం. వడ్రంగి, కంసాలి వంటి చేతిపనివారి పనిముట్లు. రైతు వ్యవసాయ పనిముట్లు, బతుకుతెరువుకి అవసరమని కోర్టు అనుకున్నంత మేర పశువులు, విత్తనాలు. స్వయంగా సాగు చేసుకుంటూ ప్రధానంగా దాని మీదే బతికే రైతు ఉంటున్న ఇల్లు. ఇందులో కౌలు రైతూ వస్తాడు, వ్యవసాయ కూలీ వస్తాడు. ఈ రక్షణ వదులుకుంటానని నోటులో ముందే రాసిచ్చినా ఆ రాత చెల్లదు. అయితే ఇల్లు తనఖా పెట్టి ఉంటే దారి వేరు, అక్కడ ఈ రక్షణ పనికిరాదు.

పొలానికి మాత్రం ఈ రక్షణ లేదు. వరి చేనైనా కొబ్బరి తోటైనా డిక్రీ కింద జప్తవుతుంది. సర్ఫేసీ చట్టం వ్యవసాయ భూమికి వర్తించదన్న మాట పట్టుకుని ఊళ్ళో చాలామంది ధీమాగా ఉంటారు. అది కోర్టుకి పోకుండా బ్యాంకు చేసే స్వాధీనం సంగతి.

అపోహ: బాకీ అప్పిచ్చినవాడి చేతిలో పెట్టేశాం, ఇక అయిపోయింది.

డిక్రీ తర్వాత ఇచ్చిన ప్రతి పైసా కోర్టు రికార్డుకి ఎక్కాలి. చేతికిచ్చిన నగదుకి రాత లేదు, అవతలివాడు ఒప్పుకోడు అంటే అమలు కోర్టు దాన్ని లెక్కలోకి తీసుకోదు. రెండోసారి కట్టాల్సిందే. కోర్టులో డిపాజిట్ చేసి డిక్రీదారుకి (డిక్రీ పొందిన అప్పిచ్చినవాడికి) నోటీసివ్వండి, లేదా బ్యాంకు ద్వారా పంపండి. అతను ముట్టినట్టు కోర్టులో రాయించకపోతే 30 రోజుల్లో మీరే పిటిషను వెయ్యాలి.

జైలు భయం గురించి రెండు ముక్కలు. సొమ్ము డిక్రీకి ఆడవాళ్ళని అరెస్టు చేయరు. మగవాళ్ళకైనా మామూలుగా ముందు నోటీసు, తర్వాత విచారణ. స్తోమత ఉండి ఎగ్గొడుతున్నాడని తేలాలి. కట్టలేని పేదరికానికి జైలు లేదని 1980లోనే సుప్రీంకోర్టు చెప్పింది. చెక్కు బౌన్సు కేసు వేరు, అది క్రిమినల్, ఆ వాయిదాలకి తప్పక వెళ్ళాలి.

ఇక ఫైనాన్సు కంపెనీ పంపిన రికవరీ కుర్రాళ్ళు అమీనాలు కారు. వారంటు లేనిదే ఇంట్లో సామాను ముట్టుకునే హక్కు వాళ్ళకి లేదు. ఉదయం 8కి ముందు, రాత్రి 7 తర్వాత బాకీ కోసం ఫోన్ చేయకూడదని రిజర్వ్ బ్యాంకు చెప్పింది. లాయరు ఫీజుకి డబ్బుల్లేకపోతే 15100కి ఫోన్ చేయండి, లేదా మీ కోర్టు ఆవరణలోని మండల న్యాయ సేవాధికార కమిటీకి వెళ్ళండి. ఆడవాళ్ళకి, ఎస్సీ, ఎస్టీలకి ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా లాయరుని ఇస్తారు. వెళ్ళేటప్పుడు సమన్లో వారంటో ఏదొచ్చిందో ఆ కాగితం, ఆధార్ జిరాక్సు పట్టుకెళ్ళండి.