పతకం అసలుదా, నకలా? రెండు వందల ఏళ్ల చిక్కుముడి

పాత మిలిటరీ పతకం చేతికి దొరికిన వాళ్లు ముందుగా అడిగేవి రెండే ప్రశ్నలు. ఇది అసలుదేనా? అమ్మితే ఎంత వస్తుంది? ఒక్క ముక్కలో జవాబు చెప్పగలిగితే బాగుండేది. కానీ అసలు పతకానికీ నకలుకీ మధ్య గీత మొదటి నుంచీ స్పష్టంగా లేదు. చాలాసార్లు రెండూ ఒకే కార్ఖానాలో, ఒక్కోసారి ఒకే అచ్చు మీద తయారయ్యాయి. నకళ్లు చేసినవాళ్లంతా మోసగాళ్లూ కారు. ఈ చిక్కు ఎలా పడిందో తెలియకుండా పతకానికి ధర కట్టబోతే ఎక్కువగా దెబ్బ తినేది కొనేవాళ్లే.

వాటర్లూ యుద్ధం 1815లో జరిగింది. దానికి బ్రిటన్ ఇచ్చిన వెండి పతకం పెద్ద అధికారి నుంచి మామూలు సిపాయి దాకా అందరికీ ఒకటే. సుమారు 39 వేల పతకాలు ఇచ్చారు. ప్రతిదాని అంచు మీదా ఆ మనిషి పేరు, రెజిమెంటు పెద్దక్షరాల్లో ముద్ర గుద్దారు. తగిలించుకోవడానికి ఒక ఇనుప క్లిప్పు, స్టీలు రింగు ఉండేవి. అవి తుప్పు పడతాయని, చూపుకి ఆనవని చాలామంది వాటిని తీయించి వెండి కొక్కెం పెట్టించుకున్నారు. కాబట్టి కొక్కెం మారినంత మాత్రాన వాటర్లూ పతకం నకలు అయిపోదు. పేరు మారితే మాత్రం దాని కథే మారిపోతుంది.

పేరు మార్చడం పాత విద్యే. అంచును ఆకురాయితో అరగదీసి, ఎక్కువ ధర పలికే మరో పేరు చెక్కుతారు. వెండి అరిగింది కాబట్టి పతకం వ్యాసం కొద్దిగా తగ్గుతుంది. బ్రిటిష్ పతకాల్లో ఎక్కువ వాటి వ్యాసం 36 మిల్లీమీటర్లు. కాలిపర్‌తో రెండు మూడు చోట్ల కొలిచి, తేడా వస్తే అనుమానించాలి. భూతద్దంలో చూస్తే అక్షరాల కింద పాత ముద్ర జాడలు అక్కడక్కడా కనిపించడమూ ఉంది.

క్రిమియా యుద్ధ పతకం ఇంతకంటే తలనొప్పి. ఎక్కువమందికి దాన్ని పేరు లేకుండానే ఇచ్చారు. కావాలంటే వెనక్కి పంపి అధికారికంగా పేరు వేయించుకోవచ్చు. ఓపిక లేనివాళ్లు దగ్గర్లోని నగల పనివాడి చేత చెక్కించుకున్నారు. అంటే ప్రైవేటుగా చెక్కిన పేరు కూడా నిజాయితీగా చెక్కించుకున్నదే కావచ్చు. మోసగాళ్లకు ఇదే సందు దొరికింది. 1854 అక్టోబరు 25న బాలక్లావాలో ఫిరంగుల మీదికి దూసుకెళ్లిన లైట్ బ్రిగేడ్ అనే బ్రిటిష్ గుర్రపు దళం వాళ్ల పతకాలకు గిరాకీ ఎక్కువ. ఆ దళంలోని ఒకరి పేరును జాబితా చూసి ఖాళీ పతకం మీద చెక్కితే, లోహం, అచ్చు, రిబ్బన్ అన్నీ అసలువే, అబద్ధం ఆ పేరొక్కటే. నా దృష్టిలో పూర్తి నకలు కంటే ఇదే పెద్ద మోసం, ఎందుకంటే ఇందులో ఒక మనిషి చేసిన పనినే దొంగిలిస్తున్నారు.

జర్మనీ ఐరన్ క్రాస్‌ది ఇంకో దారి. 1813 మార్చి 10న ప్రష్యా రాజు మూడో ఫ్రెడరిక్ విలియం దీన్ని నెలకొల్పాడు. 1870, 1914, 1939లో మళ్లీ తెచ్చారు. దీని తయారీలో మూడు ముక్కలుంటాయి. మధ్యలో నల్లరంగు వేసిన ఇనుప పలక, దానికి ముందొకటి, వెనకొకటి వెండి చట్రాలు, అంచున రెండిటినీ కలిపిన టంకం. భూతద్దం పెట్టి అంచు చుట్టూ చూస్తే ఆ అతుకు గీత సన్నగా కనిపించాలి. చట్రం లోపలి పూసల్లాంటి చిన్న బొడిపెలు మూలల్లో కూడా పదునుగా ఉండాలి. చౌక నకళ్లను ఒకే ముక్కగా పోత పోస్తారు. వాటిలో వివరాలు మొద్దుబారి, గాలి బుడగల గుంటలు కనిపిస్తాయి. లోహం చల్లారేటప్పుడు ముడుచుకుంటుంది కాబట్టి పోత నకలు పరిమాణం అసలుదాని కంటే కాస్త తక్కువ ఉంటుంది. అయస్కాంతం అంటుకుంటే అసలుదేనని చాలామంది నమ్ముతారు. అది సరిపోదు. అసలువాటిలోనే కొన్నిటికి ఇనుము కాని పలక ఉంది, మంచి నకళ్లలో ఇనుప పలకే ఉంటుంది.

అసలు చిక్కు రెండో ప్రపంచ యుద్ధం తర్వాత మొదలైంది. 1957 జులై 26న పశ్చిమ జర్మనీ ఒక చట్టం చేసి, నాజీ కాలపు పతకాలను స్వస్తిక తీసేస్తే ధరించవచ్చని అనుమతి ఇచ్చింది. స్వస్తిక చోట ఓక్ ఆకులున్న ఐరన్ క్రాస్‌లు కొత్తగా తయారయ్యాయి. ఇవి నకళ్లు కావు, చట్టబద్ధమైన రెండో రూపం. అయితే లూడెన్‌షైడ్‌లోని స్టైన్‌హవర్ అండ్ లూక్ లాంటి పాత సంస్థలు అప్పటికీ పని చేస్తూనే ఉన్నాయి, వాటి దగ్గర యుద్ధకాలపు డైలూ, అంటే పతకం గుద్దే అచ్చులూ మిగిలాయి. అందుకే ఒక నైట్స్ క్రాస్ (ఐరన్ క్రాస్‌లో పై స్థాయి) యుద్ధకాలంలో గుద్దిందా, తర్వాతదా అని తేల్చడానికి కలెక్టర్లు డై మీద పడ్డ చిన్న చిన్న పగుళ్లు ఏ వరుసలో పెరిగాయో చూస్తారు.

ఆ యుద్ధానికి బ్రిటన్ ఇచ్చిన స్టార్ అనే నక్షత్రాకారపు పతకాల మీద పేర్లే వేయలేదు. ఆస్ట్రేలియా, దక్షిణాఫ్రికా తమ వాళ్లకు వేసి ఇచ్చాయి. పేరు లేని పతకానికి నకలు తేలిక. అందులోనూ కొద్దిమందికే దక్కిన ఎయిర్ క్రూ యూరప్ స్టార్‌కు నకళ్లు ఎక్కువ.

నకళ్లకు గిరాకీ పెంచిన సంగతి ఇంకొకటుంది. మొదటి ప్రపంచ యుద్ధానికి ఇచ్చిన బ్రిటిష్ వార్ మెడల్ దాదాపు ఒక ఔన్సు వెండి, సుమారు 65 లక్షలు పంచారు. 1980 జనవరిలో వెండి ధర ఔన్సుకు 50 డాలర్ల దరిదాపుకి ఎగబాకింది. పతకంగా కంటే లోహంగానే ఎక్కువ పలుకుతుండటంతో ఎన్నో పతకాలు కరిగిపోయాయి. వాటికి జతైన కంచు విక్టరీ మెడల్స్ ఒంటరిగా మిగిలాయి. తాత ముత్తాతల సెట్టు పూర్తి చేసుకుందామనుకున్న కుటుంబాలకు ఇక రెప్లికానే గతి. అదే వార్ మెడల్‌ని భారత, చైనా, మాల్టా కూలి దళాలకు కంచుతో చేసి ఇచ్చారు. తక్కువ లోహం కదా అని ఇచ్చిన ఆ పతకమే నేడు అరుదు కావడంతో వెండిదాని కంటే ఎక్కువ పలుకుతుంది.

ఆర్డర్లు అనే సోవియట్ పతకాలకు వెనకవైపు నంబరు ఉంటుంది. 1991 తర్వాత అవి కుప్పలుగా బజారుకొచ్చాయి. నంబర్లు అరగదీసి మళ్లీ చెక్కినవీ వాటితో పాటే వచ్చాయి. అమెరికాలో కథ కోర్టు దాకా వెళ్లింది. అప్పట్లో ప్రభుత్వానికి మెడల్ ఆఫ్ ఆనర్ (అక్కడి అత్యున్నత సైనిక పతకం) తయారుచేసిన లార్డ్‌షిప్ ఇండస్ట్రీస్ అనే కంపెనీయే దొడ్డిదారిన 300 అమ్మి, 1996లో జరిమానా కట్టింది. అసలు తయారీదారే చేస్తే వాటిని నకలు అనాలా, దొంగ సరుకు అనాలా? నేనైతే దొంగ సరుకే అంటాను, ఎందుకంటే వాటిని ఎవరికీ ప్రదానం చేయలేదు.

రిబ్బన్ కూడా కొంత చెబుతుంది. 1950ల తర్వాతి దారాల్లో, డిటర్జెంట్లలో మెరుపు రసాయనాలు కలిపారు. అతినీలలోహిత దీపం కింద పెడితే అవి నీలితెలుపుగా వెలుగుతాయి. 1914 నాటిదని చెప్పిన రిబ్బన్ అలా వెలిగితే అది తర్వాత మార్చినదే, లేదా తర్వాత ఉతికినదే. పతకాన్ని మాత్రం దీన్నిబట్టే తోసిపుచ్చకూడదు. వాడుకలో రిబ్బన్లు మార్చడం మామూలే.

ఇక ధర సంగతి. పేరున్న పతకానికి ధర కట్టేది ముఖ్యంగా ఆ పేరు, దాన్ని నిలబెట్టే రికార్డు. బ్రిటన్ అత్యున్నత శౌర్య పతకమైన విక్టోరియా క్రాస్‌లు 1856 నుంచి 1,350 పైచిలుకే ఇచ్చారు. ఎవరికి ఇచ్చారో అన్నీ నమోదయ్యాయి కాబట్టి ఎక్కడా లెక్కలో లేనిది బయటపడితే మొదటి అనుమానం నకలనే. మామూలు సిపాయిల విషయంలో అంత తేలిక కాదు. 1940 సెప్టెంబరులో లండన్ మీద పడ్డ బాంబులకు మొదటి ప్రపంచ యుద్ధపు సర్వీసు ఫైళ్లు సగానికి పైగా కాలిపోయాయి, పతకాల రిజిస్టర్లు మిగిలాయి. 1973 జులైలో సెయింట్ లూయిస్ అగ్ని ప్రమాదంలో అమెరికా సైనికుల ఫైళ్లు కోటీ 60 లక్షలకు పైనే పోయాయి. ఫైలు లేని చోట ఇంట్లో మిగిలిన డిశ్చార్జి కాగితం, ఉత్తరం, ఫొటోయే సాక్ష్యం. ఒకే మనిషి పతకాలను విడివిడిగా అమ్మితే ఆ సాక్ష్యం తెగిపోతుంది, ధరా పడిపోతుంది.

రెప్లికాకు తయారీ ఖర్చు, పనితనం మేరకే విలువ. మ్యూజియంలో పెట్టడానికి, అసలుది లాకర్లో దాచి వేడుకలో ధరించడానికి చేయించుకుంటే అందులో తప్పేమీ లేదు. పోగొట్టుకున్నవారికి ప్రభుత్వం మళ్లీ ఇచ్చిన వాటిలో చాలావాటి అంచున డూప్లికేట్ లేదా రీప్లేస్‌మెంట్ అన్న ముద్ర కనిపిస్తుంది. ఇంట్లో నకలు చేయించుకునేవాళ్లు కూడా అంచు మీద కాపీ అని చెక్కించి తీరాలి. లేకపోతే యాభై ఏళ్ల తర్వాత వాళ్ల మనవలే దాన్ని అసలుదనుకుని, తెలియకుండానే ఇంకొకరిని మోసం చేస్తారు.